డీఎక్స్7లో సెల్లు మార్చే ముందు టోన్లు దాచుకో

ముందు ప్రశ్న క్లుప్తంగా: "అన్నా, మా మేనమామ ఆర్కెస్ట్రాలో వాయించిన యమహా డీఎక్స్7 కీబోర్డు ఇప్పుడు నా దగ్గరకు వచ్చింది. ఆన్ అవుతోంది, బాగానే మోగుతోంది. కానీ బ్యాటరీ చెక్ పెడితే 2.4 అని చూపిస్తోంది. ఇక్కడి రిపేరు అతను బోర్డు మొత్తం మార్చాలంటున్నాడు. సోల్డరింగ్ కొద్దిగా వచ్చు. మామయ్య సొంతంగా చేసుకున్న టోన్లు పోకుండా నేనే మార్చుకోవచ్చా? మా చర్చిలో డిజిటల్ మిక్సర్ కూడా ఆన్ చేయగానే 'లో బ్యాటరీ' అంటోంది. దానికీ ఇదే పద్ధతా?"

తమ్ముడూ, బోర్డు మార్చనక్కర్లేదు. ఆ మాట అన్నవాడి చేతికి కీబోర్డు ఇవ్వకు. నీకు కావలసింది ఒక సీఆర్2032 సెల్లు, దానికో హోల్డర్, ఒక సాయంత్రం తీరిక. అయితే ఈ పనిలో సెల్లు మార్చడం రెండో సంగతి. మొదటి సంగతి మామయ్య టోన్లు. కొత్త సెల్లు ఏ ఎలక్ట్రానిక్స్ కొట్టులో అడిగినా ఇస్తారు, ఆ టోన్లు ఒకసారి పోతే ప్రపంచంలో ఇంకెక్కడా దొరకవు. కాబట్టి నేను చెప్పే వరుసలోనే చెయ్యి. టోన్లు కంప్యూటర్లోకి వచ్చి, వచ్చాయని చెవులతో విని నిర్ధారించుకునేదాకా స్క్రూ డ్రైవర్ ముట్టుకోకు.

ఆ సెల్లు అక్కడ ఎందుకుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. డీఎక్స్7 వచ్చింది 1983లో. ఇప్పటి కీబోర్డుల్లో ఉండే ఫ్లాష్ మెమరీ అప్పటికి లేదు. లోపలి 32 వాయిస్‌లు, అంటే మనం టోన్లనేవి, స్టాటిక్ ర్యామ్ చిప్పుల్లో ఉంటాయి. ఈ ర్యామ్‌కు కరెంటు ఆగితే అందులోవన్నీ చెరిగిపోతాయి. నువ్వు స్విచ్ ఆపినా, ప్లగ్ పీకినా ఆ చిప్పులకు కొద్దిపాటి వోల్టేజీ అందిస్తూ ఉండేదే ఈ 3 వోల్టుల లిథియం సెల్లు. ఈ తరహా ర్యామ్ సమాచారాన్ని పట్టి ఉంచడానికి సాధారణంగా 2 వోల్టులు చాలు, తీసుకునే కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. సీఆర్2032 సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు. 5 మైక్రో ఆంపియర్లు లాగితే 44,000 గంటలు, అంటే దాదాపు 5 ఏళ్ళు. 2 మైక్రో ఆంపియర్లే అయితే లెక్క ప్రకారం 12 ఏళ్ళు దాటుతుంది. అంతకన్నా తక్కువ లాగే బోర్డులూ ఉన్నాయి, అందుకే ఇరవై ఏళ్ళు దాటినా మొదటి సెల్లుతోనే నడిచిన డీఎక్స్7లు కనిపిస్తాయి. అది చూసి "నాదీ నడుస్తుందిలే" అనుకుని చాలామంది ఊరుకుంటారు.

2.4 అంటే ఊరుకునే అంకె కాదు. లిథియం సెల్లు వోల్టేజీ మెల్లమెల్లగా దిగదు. కొత్తలో 3.2 దగ్గర ఉంటుంది, జీవితంలో ఎక్కువ భాగం 3, 2.9 దగ్గరే నిలబడుతుంది, చివర్లో గబగబా జారిపోతుంది. నీది ఆ చివరి జారుడులో ఉంది. పైగా సెల్లుకూ ర్యామ్‌కూ మధ్య మామూలుగా ఒక డయోడ్ ఉంటుంది. కీబోర్డు ఆన్‌లో ఉన్నప్పుడు 5 వోల్టుల సప్లై ఎదురు తిరిగి సెల్లులోకి పోకుండా ఆపడం దాని పని. ఆ డయోడ్ దగ్గర కొంత వోల్టేజీ తరిగిపోతుంది కాబట్టి సెల్లు దగ్గర 2.4 ఉంటే ర్యామ్‌కు అందేది అంతకన్నా తక్కువ. నేనైతే 2.7 దాటి కిందికి దిగగానే మార్చేస్తాను. ఈ వారంలోనే పని పెట్టుకో, ఈలోగా ఎండలో, కారు డిక్కీలో పెట్టి తిప్పకు.

ఒకవేళ ఈలోపే సెల్లు పూర్తిగా చచ్చిపోయిందే అనుకో, ఏం జరుగుతుందో ముందే తెలుసుకో, లేకపోతే టెన్షన్ పడతావు. వాయిస్ పేర్ల స్థానంలో పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. కొన్ని నంబర్లు నొక్కితే కీచుమని అరుస్తుంది, కొన్నింటికి అసలు మోగదు, ఒక్కోసారి స్తంభించిపోతుంది. దీన్ని చూసే "బోర్డు పోయింది" అంటుంటారు. పోయింది బోర్డు కాదు, ర్యామ్‌లో చెత్త అంకెలు నిండాయి, కీబోర్డు వాటినే టోన్లనుకుని వాయిస్తోంది. నడిపించే ప్రోగ్రాం వేరే రోమ్ చిప్పుల్లో శాశ్వతంగా ఉంటుంది, దానికి సెల్లుతో సంబంధం లేదు. కొత్త సెల్లు వేసి మంచి టోన్లు ఎక్కిస్తే మామూలైపోతుంది.

ఇక టోన్లు దాచే పని. కీబోర్డును కంప్యూటర్‌కు కలిపే ఒక యూఎస్‌బీ మిడి ఇంటర్‌ఫేస్ కావాలి. ఇక్కడ పిసినారితనం వద్దు. ఆన్‌లైన్‌లో అతి చవకగా దొరికే, పేరూ ఊరూ లేని వైరు ఇంటర్‌ఫేస్‌లు నోట్లు బాగానే పంపుతాయి, కానీ సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అనే పొడవాటి డేటా వచ్చేసరికి మధ్యలో బైట్లు మింగేస్తాయి. తెలిసిన స్టూడియోలో మంచి కంపెనీది ఉంటే ఒక గంట అడిగి తెచ్చుకో. కీబోర్డు మిడి అవుట్ నుంచి ఇంటర్‌ఫేస్ ఇన్‌కి, ఇంటర్‌ఫేస్ అవుట్ నుంచి కీబోర్డు ఇన్‌కి వైర్లు పెట్టు. కంప్యూటర్లో విండోస్ అయితే మిడి-ఆక్స్, మ్యాక్ అయితే సిసెక్స్ లైబ్రేరియన్ వేసుకో, రెండూ ఉచితమే.

కీబోర్డులో ఫంక్షన్ బటన్ నొక్కి 8వ బటన్ నొక్కు. మొదటిసారి మిడి ఛానెల్ చూపిస్తుంది. మళ్ళీ నొక్కితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ సంగతి వస్తుంది, దాన్ని 'అవైల్' అని మార్చు. ఇంకోసారి నొక్కితే 'మిడి ట్రాన్స్‌మిట్?' అని అడుగుతుంది. కంప్యూటర్లో రికార్డు మొదలుపెట్టి, ఇక్కడ యెస్ నొక్కు. ఒకటి రెండు సెకన్లలో 32 వాయిస్‌లూ వచ్చేస్తాయి.

వచ్చిన ఫైలు సైజు చూడు. సరిగ్గా 4,104 బైట్లు ఉండాలి. ఒక్కో వాయిస్‌కు 128 బైట్ల చొప్పున 32 వాయిస్‌లకు 4,096, ముందూ వెనకా చిరునామా, చెక్‌సమ్ వగైరాకు 8. హెక్స్ అంకెల్లో చూస్తే ఫైలు ఎఫ్0తో మొదలై ఎఫ్7తో ముగియాలి. ఒక్క బైటు తక్కువున్నా ఆ ఫైలు పనికిరాదు, ఇంటర్‌ఫేస్ మార్చి మళ్ళీ తియ్యి. సైజు సరిపోయినా నేను అక్కడితో నమ్మను. డెక్స్‌డ్ అని డీఎక్స్7ను కంప్యూటర్లో అనుకరించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఈ ఫైలు తెరువు. మామయ్య పెట్టుకున్న పేర్లు కనిపించాలి, వాయిస్తే కీబోర్డులో వినిపించినట్టే వినిపించాలి. అచ్చంగా అదే నాణ్యత రాకపోవచ్చు, టోను అదేనా కాదా అన్నది మాత్రం తెలిసిపోతుంది. అప్పుడు ఆ ఫైలును నీ మెయిల్‌కూ, ఇంకో మనిషి మెయిల్‌కూ పంపి ఉంచు.

రెండు విషయాలు ఇక్కడే మర్చిపోతుంటారు. పాత డీఎక్స్7లో పిచ్ బెండ్ రేంజ్, పోర్టమెంటో, మాడ్యులేషన్ వీల్ లాంటి ఫంక్షన్ సెట్టింగులు వాయిస్‌తో కలిసి ఈ ఫైల్లోకి రావు. ఒక్కొక్క స్క్రీన్ ఫోన్‌తో ఫోటో తీసుకో. రెండోది, మామయ్య పెట్టెలో కార్ట్రిడ్జ్‌లు, అంటే టోన్లు దాచి కీబోర్డులో గుచ్చే చిన్న డబ్బాలు, ఉన్నాయేమో చూడు. రోమ్ కార్ట్రిడ్జ్‌లతో బెంగ లేదు, వాటిలోవి చెరిగేవి కావు. ర్యామ్ కార్ట్రిడ్జ్ ఉంటే మాత్రం దాని లోపలా ఒక చిన్న సెల్లు ఉంటుంది, అదీ ఇదే వయసుది. ఆర్కెస్ట్రా వాళ్ళు ఒక్కో ప్రోగ్రాంకు కావలసిన టోన్లు ఇలాంటి వాటిలోనే పెట్టుకునేవాళ్ళు. లోపలి మెమరీ భద్రంగా దాచేశాక, కార్ట్రిడ్జ్‌లోవి లోపలికి లోడ్ చేసి, వాటినీ ఇలాగే కంప్యూటర్లోకి పంపు. ఈ వరుస తప్పకు. ముందే కార్ట్రిడ్జ్ లోడ్ చేస్తే లోపలున్న టోన్ల మీద ఇవి కూర్చుంటాయి.

ఇప్పుడు తెరుద్దాం. ప్లగ్ గోడ నుంచి పీకెయ్యి, స్విచ్ ఆపితే చాలదు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ వైపు మెయిన్స్ వైరు వస్తుంది, ఆ మూలకు చేతులు పోనివ్వకు. మంచం మీద మందపాటి దుప్పటి పరిచి పెట్టుకుంటే కీలు, పక్కనున్న వీల్స్ దెబ్బతినవు. స్క్రూలు ఒకే పొడవువి కావు, అందుకని ఇడ్లీ రేకు ఒకటి తెచ్చుకుని ఏ వైపువి ఆ గుంటలో వెయ్యి. పైభాగం ఒక్కసారిగా పైకి లాగకు, రిబ్బన్ వైర్లు పాతబడి పెళుసుగా ఉంటాయి. ఒక్కోటి విప్పే ముందు ఫోటో. చేత్తో లోహపు ఛాసిస్ ముట్టుకున్నాకే బోర్డు ముట్టుకో. ఎండాకాలం ఏసీ గదిలో సింథటిక్ చొక్కా వేసుకుని ఇలాంటి పని పెట్టుకోకు.

సెల్లును గుర్తుపట్టడం తేలికే, రూపాయి నాణెమంత ఉంటుంది. కానీ అది బల్ల మీది గడియారంలో లాగా హోల్డర్‌లో ఉండదు. దాని రెండు ముఖాలకు సన్నటి రేకు కాళ్ళు వెల్డింగ్ చేసి, ఆ కాళ్ళను బోర్డులో సోల్డర్ చేసి ఉంటారు. ప్లస్ ఎటు ఉందో ఫోటో తియ్యి, బోర్డు మీద మార్కర్‌తో కూడా రాయి. ఎంత చూసుకున్నా సోల్డరింగ్ వేడిలో తిరగేసి పెట్టేవాళ్ళున్నారు.

కొందరు కీబోర్డు ఆన్‌లో ఉంచే సెల్లు మారుస్తారు, అప్పుడు ర్యామ్‌కు కరెంటు ఆగదు కాబట్టి టోన్లు పోవని. నాకు ఆ పద్ధతి నచ్చదు. తెరిచిన పెట్టెలో మెయిన్స్ ఉంటుంది, ఎర్త్ అయిన ఐరన్ మొన పొరపాటున సప్లై లైనుకు తగిలితే సెల్లు కోసం బోర్డునే బలి ఇచ్చినట్టు. టోన్లు ఎలాగూ కంప్యూటర్లో ఉన్నాయి. పోనీ. నిశ్చింతగా ప్లగ్ పీకి చెయ్యి.

సెల్లు తీయడానికి తేలికైన దారి చెబుతాను. కాళ్ళతో సహా ఒకేసారి లాగాలని చూస్తే పాత బోర్డు మీది రాగి పొర లేచి వస్తుంది. ముందు సన్న కట్టర్‌తో ఒక కాలు కత్తిరించు, తర్వాత రెండోది. కట్టర్ ఒకేసారి రెండు ముఖాలకూ తగిలితే సెల్లు షార్ట్ అవుతుంది, చూసుకో. సెల్లు పక్కకు వచ్చేశాక మిగిలిన కాలి ముక్కలను ఒక్కొక్కటిగా తియ్యి. ఐరన్ 330, 350 డిగ్రీల దగ్గర పెట్టుకుని, ముందు ఆ పాత అతుకు మీద కొంచెం కొత్త సోల్డర్, ఫ్లక్స్ వెయ్యి. ఎండిపోయిన పాత సోల్డర్ కొత్తదానితో కలిసి చక్కగా కరుగుతుంది. అప్పుడు సోల్డర్ పీల్చే సక్కర్‌తో లాగేస్తే రంధ్రం శుభ్రపడుతుంది. గ్రౌండ్ వైపు రాగి వెడల్పుగా ఉంటుంది, అక్కడ వేడి పట్టడానికి ఆలస్యమవుతుంది. ఓపిక పట్టు, గుచ్చకు.

కొత్త సెల్లు ముఖం మీద నేరుగా ఎప్పుడూ సోల్డర్ చేయొద్దు. ఆ వేడికి లోపలి సీలు దెబ్బతింటుంది, పగిలే ప్రమాదమూ ఉంది. కాళ్ళున్న సెల్లే దొరికితే వాడొచ్చు, కానీ నా ఓటు హోల్డర్‌కే. తర్వాతిసారి సోల్డరింగ్ లేకుండా మార్చుకోవచ్చు. హోల్డర్ కాళ్ళ దూరం బోర్డు రంధ్రాలతో సరిపోకపోతే కాళ్ళు బలవంతంగా వంచకు. రెండు సన్న వైర్లు పెట్టి, అతుకుల మీద హీట్ ష్రింక్ వేసి, హోల్డర్‌ను పక్కన ఖాళీ చోట మంచి డబుల్ సైడెడ్ టేపుతో అంటించు. మూత మూసినప్పుడు ఏ లోహానికీ తగలకూడదు. సోల్డరింగ్ అంతా అయిపోయి, చల్లారాకే సెల్లు వెయ్యి. అక్కడున్న డయోడ్, రెసిస్టర్ పాతవని తీసేయకు. లిథియం సెల్లులోకి ఛార్జింగ్ కరెంటు పోకుండా ఆపేది అవే.

సెల్లు గురించి రెండు మాటలు. బజారులో అట్ట మీద వరుసగా అంటించి అమ్మే పేరులేని సెల్లుల్లో ఎన్నాళ్ళ నుంచి వేలాడుతున్నవో తెలియదు. పానసోనిక్, మాక్సెల్, మురాటా, వార్టా లాంటివి సీలు ఉన్న ప్యాకెట్లో, తేదీ చూసి కొను. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత పూసిన సెల్లులు కొన్ని వస్తున్నాయి. మంచి ఆలోచనే, కానీ ఆ పూత కొన్ని హోల్డర్లలో కాంటాక్టుకు అడ్డొస్తుంది, అలాంటిదైతే వేసిన తర్వాత మీటర్ పెట్టి చూసుకో. ఇంకా ముఖ్యం, సైజు ఒకటే కదా అని ఎల్ఐఆర్2032 వేయొద్దు. అది రీఛార్జబుల్, నిండా ఛార్జయితే 4.2 వోల్టుల దాకా ఉంటుంది, సామర్థ్యం చాలా తక్కువ, ఇక్కడ దాన్ని ఛార్జ్ చేసే సర్క్యూటూ లేదు. కొట్టువాడు "రీఛార్జబుల్ అండీ, జీవితాంతం వస్తుంది" అంటాడు. నవ్వి ఊరుకో.

మూత బిగించే ముందు ఒక్క పరీక్ష చెయ్యి. చాలామంది వదిలేసేది ఇదే. ప్లగ్ పీకే ఉండాలి. సెల్లు ప్లస్‌కూ హోల్డర్ ప్లస్ కాంటాక్టుకూ మధ్య సన్నటి కాగితం ముక్క దూర్చి, ఆ రెండింటినీ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో కలుపు. కొన్ని నిమిషాలు ఆగి, రెసిస్టర్ రెండు కొసల మధ్య మిల్లీ వోల్టులు కొలువు. ప్రతి 10 మిల్లీ వోల్టులకూ 1 మైక్రో ఆంపియర్ లెక్క. 20, 30 మిల్లీ వోల్టులు వస్తే హాయిగా మూత బిగించు. 500 వస్తే 50 మైక్రో ఆంపియర్లన్నమాట, కొత్త సెల్లు ఆరు నెలలకే అయిపోతుంది. అలాంటప్పుడు సెల్లును తప్పుపట్టకుండా కారుతున్న కెపాసిటర్, దెబ్బతిన్న డయోడ్, బోర్డు మీద ఎండిన ఫ్లక్స్, తేమ వెతకాలి. సముద్రం దగ్గర ఊళ్ళలో పెరిగిన కీబోర్డులకు ఈ చివరిది మామూలే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగితే చాలాసార్లు సరిపోతుంది. పని అయ్యాక కాగితం, రెసిస్టర్ తీసెయ్యి.

ఆన్ చెయ్యి. పిచ్చి పేర్లు కనిపిస్తాయి, గాబరా పడకు. ఫంక్షన్, 14 నొక్కితే కొత్త వోల్టేజీ 3 దగ్గర చూపించాలి. టోన్లు తిరిగి ఎక్కించాలంటే మెమరీ ప్రొటెక్ట్ ఇంటర్నల్ బటన్ నొక్కి, నో నొక్కి రక్షణ తీసెయ్యాలి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ మళ్ళీ 'అవైల్'లో ఉండాలి, మిడి ఛానెల్ 1లో ఉండాలి. "పంపుతున్నా తీసుకోవట్లేదు" అని అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఈ మూడింట్లో ఏదో ఒకటి మర్చిపోయినవాళ్ళే. ఫైలు పంపాక ఒక టోను వాయించి, స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాత్రంతా వదిలెయ్యి. తెల్లారి అదే టోను అక్కడే ఉంటే పని అయినట్టు. కొద్ది నిమిషాలు ఆపి చూసి సంతోషపడకు, సెల్లు లేకపోయినా కెపాసిటర్లలోని ఛార్జితోనే ర్యామ్ కొంతసేపు పట్టి ఉంచగలదు.

మామయ్య ఫైలుతో పాటు యమహా సొంత టోన్లు కూడా దగ్గర పెట్టుకో. రోమ్1ఏ అనే మొదటి బ్యాంకు ఫైలు ఇంటర్నెట్‌లో సులువుగా దొరుకుతుంది. అందులో 11వది ఇ.పియానో 1. ఎనభైల చివర్లో ప్రపంచమంతటా మెలోడీ పాటల్లో గాజు గ్లాసు మీటినట్టు వినిపించే ఎలక్ట్రిక్ పియానో అదే. కీబోర్డు ఆరోగ్యం చూడాలంటే నేను మొదట దాన్నే వాయిస్తాను, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. గట్టిగా కొట్టినప్పుడు అందులోని గంట లాంటి శబ్దం ఖంగుమనాలి.

ఇక చర్చి మిక్సర్. మోడల్ రాయలేదు నువ్వు. యమహా 01వీ96 లాంటిదైతే లోపలి మెమరీని పట్టి ఉంచేది బ్యాటరీయే, అది పూర్తిగా దిగితే నువ్వు దాచుకున్న సీన్లు, అంటే మిక్సర్ సెట్టింగులు, పోతాయి. ముందు స్టూడియో మేనేజర్ సాఫ్ట్‌వేర్‌తోనో, మిడి బల్క్ డంప్‌తోనో అన్నీ కంప్యూటర్లోకి తీసుకో. ఎల్ఎస్9 అయితే ఇంకా సుఖం, యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ చేసుకోవచ్చు. సూత్రం ఒకటే, ముందు డేటా, తర్వాత సెల్లు. కానీ ఈ మిక్సర్‌ను నువ్వు తెరవొద్దని నా సలహా. లోపల స్విచింగ్ పవర్ సప్లై ఉంటుంది, దాని పెద్ద కెపాసిటర్లో ప్లగ్ పీకిన తర్వాత కూడా కొంతసేపు ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. పైగా అది సంఘం సొత్తు, ఆదివారం ఉదయం మూగబోతే నీ ఒక్కడి మీదికే వస్తుంది. సీన్లు నువ్వు దాచు, సెల్లు సర్వీసు సెంటర్ వాళ్ళచేత మార్పించు. ఆరాధన లేని వారం మధ్యలో పంపమని పెద్దలకు చెప్పు.

పాత రోలాండ్ డీ-50, కోర్గ్ ఎం1 ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. వాటిలోనూ లిథియం సెల్లే, పద్ధతీ ఇదే, డంప్ చేసే బటన్లే వేరు. ఎం1లో అసలు శబ్దాల నమూనాలు రోమ్‌లో భద్రంగా ఉంటాయి. కానీ వాటిని కలిపి టోన్లుగా చేసే ప్రోగ్రాములు, కాంబినేషన్లు ర్యామ్‌లో ఉంటాయి. సెల్లు పోతే మోగే యంత్రం ఉంటుంది, వాయించడానికి టోన్లుండవు. ఫ్యాక్టరీ ఫైలు దొరుకుతుంది, మళ్ళీ ఎక్కించుకోవచ్చు.

నిజంగా భయపడాల్సింది ఇంకా పాత పరికరాల గురించి. కోర్గ్ పాలీసిక్స్ 1981 నాటిది, అందులో లిథియం కాదు, రీఛార్జబుల్ నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది పాతబడితే కారుతుంది. ఆ ద్రవం పొటాషియం హైడ్రాక్సైడ్, బోర్డు మీది రాగి గీతలను పచ్చగా తినేస్తూ పోతుంది. నీకు తెలిసినవాళ్ళ దగ్గర ఉంటే, మోగుతోంది కదా అని ఆగకుండా వెంటనే తెరిచి బ్యాటరీ తీసేయమను. కారిన చోట నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడిస్తే క్షారం విరుగుతుంది, తర్వాత శుభ్రమైన నీళ్ళతో, ఆపైన ఆల్కహాల్‌తో కడిగి బాగా ఆరనివ్వాలి. అక్కడ లిథియం సెల్లు పెట్టాలనుకుంటే పాత ఛార్జింగ్ దారిని డయోడ్‌తో అడ్డుకోవడం తప్పనిసరి.

తీసిన పాత సెల్లు రెండు ముఖాలకూ టేపు అంటించి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వు. పడేసే దాకా పిల్లలకు అందనివ్వకు. ఖాళీ అయిన సెల్లు అయినా గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చేస్తుంది. మింగారని అనుమానమొచ్చినా చాలు, అరటిపండు తినిపిస్తూ ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంకోటి, వెనక ప్లేటు మీద వోల్టేజీ ఎంతని రాసుందో చూశావా? అప్పట్లో విదేశాల నుంచి తెచ్చుకున్నవి చాలా ఉన్నాయి. జపాన్‌లో అమ్మినదైతే 100 వోల్టులది, అమెరికాదైతే 120. మామయ్య దానికి వాడిన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వేరే పెట్టెలో ఉండిపోయి, ఇంకెవరైనా నేరుగా గోడ ప్లగ్‌లో పెడితే అప్పుడు నిజంగానే బోర్డు పోతుంది. ఇప్పటికి మామూలుగా నడుస్తోందంటే సరైనదే పెట్టి ఉంటావు, ఆ అంకె మాత్రం పెద్ద అక్షరాలతో రాసి ప్లగ్ దగ్గర అంటించు.

పని మొదలుపెట్టాక ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయి. అప్పుడు మూడు అంకెలు ఇవ్వు: మల్టీమీటర్‌తో సెల్లు దగ్గర వోల్టేజీ, ప్లగ్ పీకి ఉండగా ర్యామ్ చిప్పు సప్లై పిన్ను దగ్గర వోల్టేజీ, ఆ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మీద మిల్లీ వోల్టులు. వాటితో పాటు బోర్డు ఫోటో, వెలుతురులో తీసినది.